కాటుక రేకుల పొడ: వైద్యుడు పాట్రిక్ రస్సెల్ జీవితము

విశాఖపట్టణం నుండి అనంతగిరి, అరకు వైపు కొండలెక్కే విద్యార్థి బృందాలకు గానీ, నల్లమల అడవులలో మొక్కలు సేకరింపబోయే వృక్షశాస్త్ర విద్యార్థులకు గానీ పెద్దలు చెప్పే మొదటి జాగ్రత్త పాములను గూర్చియే. ఏ పాము విషము గలది, ఏది కాదు, కాటు పడినచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్నలకు మన తీరముననే కూర్చుండి ఏండ్ల తరబడి సమాధానము వెదకిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్. రెండు శతాబ్దాలకు పైగా గడచిన తరువాత కూడ ఆయన పేరు ఒక పాము పేరులో నిలిచి ఉన్నది. మనము రక్తపింజర అని పిలుచుకొనే పామునకు ఆంగ్లమున రస్సెల్ వైపర్ అని పేరు. అయితే ఆ మనిషి ఎవరో, ఎక్కడి నుండి ఇక్కడికి వచ్చినాడో తెలిసినవారు తక్కువ.

రస్సెల్ 1727లో స్కాట్లండులోని ఎడింబరో నగరమున ఒక న్యాయవాది ఇంట జన్మించినాడు. వైద్యవిద్య నేర్చి, 1750లో సిరియా దేశములోని హలబ్ నగరమునకు వెళ్ళినాడు. హలబ్ అంటే మన ఉర్దూ పాఠకులకు కొత్త పేరు కాదు. హలబీ అద్దమును గూర్చి పారసీక, ఉర్దూ కవులు చెప్పుకొన్న నగరమదే. ఆంగ్లేయులు దానిని అలెప్పో అంటారు. అక్కడి ఆంగ్ల వర్తకుల కొఠీకి ఆయన సవతి సోదరుడు అలెగ్జాండర్ రస్సెల్ వైద్యుడు. 1753లో అన్న స్వదేశమునకు మరలిపోగా తమ్ముడు ఆ పదవిని స్వీకరించి, మొత్తము ఇరువది యేండ్లకు పైగా ఆ నగరముననే ఉండినాడు.

ఉద్యోగము చేసి జీతము పుచ్చుకొని గోడల నడుమ కాలము గడపిన విదేశీయులలో ఆయన ఒకడు కాడు. అరబ్బీ నేర్చినాడు. నగర ప్రముఖులతో స్నేహము సంపాదించినాడు. అక్కడి పాషా ఆయనయందు గౌరవము కలిగి, తలపాగా ధరించే హక్కును ప్రసాదించినాడు. ఆ రోజులలో విదేశీయునికి అది సామాన్యమైన మర్యాద కాదు. మనము అలిఫ్ లైలాగా ఎరిగిన కథల అరబ్బీ వ్రాతప్రతినొకదానిని కూడ ఆయన అక్కడ సంపాదించినాడు. 1760 నుండి 1762 వరకు హలబ్‌ను మహామారి ప్లేగు పట్టి పీడించినది. ఆ మూడేండ్ల రోగవృత్తాంతమును ఆయన శ్రద్ధగా నమోదు చేసి, చాల కాలము తరువాత, 1791లో, గ్రంథముగా ప్రకటించినాడు.

హలబ్ నాటి సంగతులలో ఒకటి మాత్రము ప్రత్యేకముగా చెప్పదగినది. మశూచికమునకు ముందుగానే చిన్న గాటు పెట్టి రక్షణ కల్పించే పద్ధతిని గూర్చి ఐరోపాలో వాదోపవాదాలు జరుగుతున్న కాలమది. అరబ్బు ఎడారి స్త్రీలకు ఈ పద్ధతి తరతరాలుగా తెలుసునని ఆయన విచారించి తెలిసికొన్నాడు. బిడ్డ కొన్ని ఎండుద్రాక్షలో ఖర్జూరములో ఇచ్చి మశూచికమును కొనుక్కొన్నట్లు వారు వ్యవహరించేవారు. ఈ వృత్తాంతము 1768లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయినది. సామాన్యులను అడిగి తెలిసికొనుట చిన్నతనమని ఆయన భావింపలేదు. ఈ గుణమే విశాఖపట్టణములో ఆయనకు అన్నిటికంటె ఎక్కువగా ఉపకరించినదని నా అభిప్రాయము.

1771లో హలబ్ విడచి లండన్ చేరినాడు. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. ఇక ఆ నగరముననే స్థిరపడి వైద్యము చేసికొనుచు జీవితము ముగించవలసినవాడే. కాని 1781లో, ఏబది నాలుగేండ్ల వయస్సున, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న తన సోదరుడు క్లాడ్ రస్సెల్‌తో కలిసి విశాఖపట్టణమునకు ప్రయాణమైనాడు. ఉత్తర సర్కారులు నిజాం అలీఖాన్‌తో 1766లో జరిగిన ఒడంబడిక మీదట కంపెనీ పాలనలోనికి వచ్చి అప్పటికి పదునైదేండ్లు మాత్రమే అయినవి.

కంపెనీ వారి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా ఉండిన కోనిగ్ 1785లో కాకినాడ సమీపమున మరణించగా ఆ పదవి రస్సెల్‌కు లభించినది. మొక్కలు, చేపలు, పాములు అన్నియు ఆయన పనిలోనివే. సామర్లకోటలో తోట పెంచుచున్న రాక్స్‌బర్గ్ ఆయనకు సమకాలికుడు, తరువాత ఆ పదవికి వారసుడు. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి రాక్స్‌బర్గ్ ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథమునకు పీఠిక వ్రాసినవాడు రస్సెలే. హకీములు వాడే తబాషీర్, అనగా మన వంశలోచనము, వెదురు కణుపులలో ఎట్లు ఏర్పడునో కూడ ఆయన పరిశీలించి 1790లో రాయల్ సొసైటీకి నివేదించినాడు. ఈ పనులలో ప్రతిదియు ఒక్కొక్క వ్యాసమునకు తగినది. నేనిక్కడ పాముల మాటకే పరిమితమౌతాను.

ఆ కాలమున పాముకాటు పడిన మనిషిని వైద్యుని యొద్దకు తెచ్చినప్పుడు వైద్యునికి తెలిసినది బహు స్వల్పము. కరచినది ఏ పాము? అది విషసర్పమేనా? మనిషి బ్రతికినచో మందు వలన బ్రతికినాడా, పాములో విషము లేకపోవుట వలననా? విషము లేని పాము కాటునకు ఏ మందు వేసినను అది దివ్యౌషధముగానే పేరు పొందుతుంది. విషసర్పము కూడ ఒక్కొక్కప్పుడు విషము వదలకుండనే కరచునని నేడు మనకు తెలుసు. కనుక ముందు పామును నిర్ణయింపనిదే మందును నిర్ణయించుట సాధ్యము కాదు. రస్సెల్ తన పనిని ఇక్కడ నుండియే మొదలుపెట్టినాడు.

పాములను తెప్పించి, వాటి పొడవు కొలిచి, పొట్ట క్రింది పొలుసులను, తోక క్రింది పొలుసులను లెక్కపెట్టి వ్రాసికొన్నాడు. ఈ లెక్క స్వీడను దేశపు లిన్నేయస్ పద్ధతి. అయితే ఆ లెక్క విషసర్పమును సాధుసర్పము నుండి వేరు చేయలేదు. నోరు తెరచి కోరలు చూడవలసినదే. కోర ఉన్నచో దాని విషమెంతటిదో తెలియుటకు కోళ్ళను, కుక్కలను కరపించి, ఎన్ని నిమిషములకు ఏ లక్షణము కనబడినదో నమోదు చేసినాడు. ఆ పుటలు చదువునప్పుడు మనస్సు నొచ్చును. నేటి ప్రయోగశాలలలో అట్టి పని నియమములు లేకుండ సాగదు.

ఇక పాముల పేర్లు. ఆయన వాటికి లాటిన్ పేర్లు పెట్టలేదు. ఊరివారు ఏమని పిలుచుచుండిరో అదే పేరును ఆంగ్లాక్షరములలో వ్రాసినాడు. అందువలన లండన్‌లో అచ్చయిన గొప్ప గ్రంథములో జెర్రిపోతు, పసిరిక పాము, పెద్ద పొడ, బంగారు పాము అను తెలుగు మాటలు నేటికిని చదువవచ్చును. ఆ పేర్లు చెప్పినవారు మన పల్లె ప్రజలే గదా. బంగారు పాము నుండియే కట్లపాముల జాతికంతటికి బంగారస్ అను శాస్త్రనామము ఏర్పడినది.

వీటన్నిటిలో ఆయన దృష్టిని మిక్కిలి ఆకర్షించినది కాటుక రేకుల పొడ. కాటుకతో దిద్దినట్లు నల్లని అంచులు గల రేకుల వంటి మచ్చలు వీపు పొడవునా వరుసలుగా ఉన్న పాము అని ఆ పేరు చెప్పుచున్నది. రూపమును ఇంత స్పష్టముగా చెప్పే పేరు శాస్త్రజ్ఞులు కూడ పెట్టలేకపోయినారు. దాని విషము తీవ్రతలో నాగుపామునకు మాత్రమే తీసిపోవునని రస్సెల్ ప్రయోగములలో తేలినది. ఇదియే రక్తపింజర. దాని విషము రక్తమునకు గడ్డకట్టే శక్తి లేకుండ చేయును, మూత్రపిండములు చెడవచ్చును.

కొండదారులలో నడచువారు ఈ పామును గూర్చి ఒక విషయము తెలిసికొనవలెను. అడుగుల సవ్వడి విని తొలగిపోయే పాము కాదు ఇది. ఎండుటాకులలో, గడ్డిలో కదలక పడియుండును. మరీ దగ్గరకు వచ్చినప్పుడు ఆవిరి పట్టినట్లు పెద్దగా బుసకొట్టును. ఆ ధ్వని విన్నచోట నిలిచి, వచ్చిన దారినే వెనుకకు అడుగు వేయవలెను. చిన్న పింజర రాతి నేలలలో ఉండి, వంటి పొలుసులను ఒకదానితో ఒకటి రాపాడించి రంపపు కోత వంటి శబ్దము చేయును. కట్లపాము పగలు కనబడదు; రాత్రి నేలపై పరుండినవారిని కరచును; నొప్పి గాని వాపు గాని అంతగా ఉండదు; తెల్లవారుసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవుట కనబడును. కాబట్టి శిబిరములలో నేలపై పడక వేయక తప్పనిచో దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపవలెను. చీకటిలో టార్చిలైటు లేక అడుగు వేయరాదు. పొదలోనికి, రాళ్ళ సందులోనికి చేయి పెట్టరాదు. దారి మీద పడిన దుంగను దాటునప్పుడు ముందు దానిపైకెక్కి అవతల చూచి దిగవలెను.

మరల రస్సెల్ వద్దకు వత్తము. ఆ రోజులలో పాముకాటునకు తంజావూరు మాత్రలు మిక్కిలి ప్రసిద్ధి. వాటిలో పాషాణము కూడ ఒక దినుసు. రస్సెల్ వాటిని పరీక్షించి, ప్రయోజనము లేదని తేల్చినాడు. ఎందరో నమ్మిన మందును కాదనుటకు కావలసిన ధైర్యము ఒక యెత్తు. దానికి మారుగా మరియొక మందు తన చేతిలో లేనప్పుడు కూడ కాదనుట మరియొక యెత్తు. ఆయనకు నిజముగా మందు దొరకలేదు. ఆ కాలమున ఎవరికిని దొరికే అవకాశము లేదు. పాము విషమునకు విరుగుడు సీరమును ఫ్రాన్సు దేశీయుడు కల్మెట్ తయారు చేసినది 1890 తరువాతనే.

1789 ప్రారంభములో రస్సెల్ భారతదేశమును విడచినాడు. కోరమాండల్ తీరపు పాములను గూర్చిన గ్రంథము మొదటి సంపుటము కంపెనీ ఖర్చుతో 1796లో లండన్‌లో వెలువడినది. రంగులు దిద్దిన చిత్రములతో నేటికిని అది కన్నుల పండుగగా ఉండును. మరుసటి యేడు, 1797లో, జార్జి షా అను శాస్త్రజ్ఞుడు కాటుక రేకుల పొడకు రస్సెల్ పేరిట శాస్త్రనామము పెట్టినాడు. కట్లపామునకును, చిన్న పింజరకును 1801లో ష్నైడర్ పేర్లు పెట్టినది రస్సెల్ చిత్రములను ఆధారము చేసికొనియే. మన దేశమున మరణములకు ప్రధాన కారణములుగా నేడు చెప్పబడు నాలుగు పాములు, అనగా నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగును ఆయన గ్రంథమున ఉన్నవి. మన ఆసుపత్రులలో దొరికే సీరము ఈ నాలుగింటి విషమును గుఱ్ఱములకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తము నుండి తయారైనది. కనుక కరచిన పామును వెంటాడి చంపి తేవలసిన పని లేదు. ఆ ప్రయత్నములో రెండవ కాటు పడిన సందర్భములు కలవు.

అయితే సీరమునకు లొంగని పాములును కలవు. రస్సెల్ చిత్రించిన ఆకుపచ్చని వెదురు పింజర విషము ఈ సీరములో చేరలేదు. తూర్పు కనుమలలోని రాచనాగు విషమును చేరలేదు. అరకు వైపు వెళ్ళువారు ఈ సంగతి మరువరాదు.

2000 నుండి 2019 వరకు భారతదేశమున సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించినారని 2020లో ప్రకటితమైన ఒక అధ్యయనము అంచనా వేసినది; అనగా ఏటా సగటున 58 వేల మంది. అధిక భాగము పల్లెలలోనివారే. మృతులు ఎక్కువగా ఉన్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడ ఉన్నవి. సీరము ఉండియు ఇన్ని ప్రాణములు పోవుటకు ఒక పెద్ద కారణము ఆలస్యము. మంత్రమని, ఆకుపసరని, కట్టు అని మొదటి గంటలు గడచిపోవుచున్నవి. బిగించి త్రాడు కట్టరాదు, గాటు పెట్టరాదు, నోటితో పీల్చరాదు. ఉంగరములు, గడియారము తీసివేసి, కరచిన కాలు గాని చేయి గాని కదలకుండ బద్దకట్టు వేసి, నడిపింపక మోసికొని ఆసుపత్రికి చేర్చవలెను. అక్కడ రక్తమును శుభ్రమైన పొడి గాజు గొట్టములో 20 నిమిషములు కదల్చక ఉంచి గడ్డకట్టినదో లేదో చూతురు. పింజర కాటును పట్టుకొనుటకు ఇంత చవకైన పరీక్ష మరియొకటి లేదు. విహారయాత్రలు ఏర్పాటు చేయు కమిటీ వారు, బస్సు కిరాయి మాటలాడుటకు ముందే, దారిలో సీరము గల ఆసుపత్రి ఎంత దూరమున ఉన్నదో విచారించినచో మేలు.

రక్తపింజర విషమునకు మరియొక చరిత్ర కలదు. 1934లో లండన్‌లో మాక్‌ఫర్లేన్, బార్నెట్ అను ఇరువురు, మిక్కిలి పలుచన చేసిన ఈ విషము, రక్తస్రావ వ్యాధి గలవారి గాయము నుండి కారే రక్తమును ఆపగలదని చూపినారు. రక్తము గడ్డకట్టే తీరును పరీక్షించుటకు ప్రయోగశాలలలో నేటికిని దీనిని వాడుచున్నారు. ఆ పరీక్ష పేరులోను రస్సెల్ పేరు ఉన్నది.

రస్సెల్ వివాహము చేసికొనలేదు. చివరి యేండ్లన్నియు వ్రాతప్రతులతోను, సీసాలలోని పాములతోను గడపినాడు. విశాఖపట్టణములో సేకరించిన రెండు వందల చేపలను గూర్చిన గ్రంథము 1803లో వెలువడినది. నాగుపాము పడగ ఎట్లు విప్పునో, మెడలోని ప్రక్కటెముకలు ఎట్లు లేచునో తెలుపు వ్యాసమును 1804లో, డెబ్బది యేడేండ్ల వయస్సున, రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించినాడు. 1805 జూలై 2న లండన్‌లో మరణించినాడు. పాముల గ్రంథము రెండవ సంపుటము అప్పటికి పూర్తి కాలేదు. మిగిలిన భాగములు ఆయన మరణానంతరము అచ్చయి, 1809లో పుస్తకము ముగిసినది.