ఇవాన్ పావ్లోవ్: ముద్ద పొట్టలోకి వెళ్లకముందే జీర్ణరసం ఎలా ఊరుతుంది? కుక్కలతో తేల్చిన నిజం ఇదీ..

పావ్లోవ్ అనగానే గంట మోగడం, కుక్క నోట్లో నీళ్లూరడమే గుర్తొస్తాయి. కానీ ఆయనకు 1904లో నోబెల్ వచ్చింది అందుకు కాదు. తిన్న తిండి ఎలా అరుగుతుంది? పని మొదలుపెట్టమని పొట్టకు చెప్పేది ఎవరు? ఈ ప్రశ్నలపై చేసిన పరిశోధనకే ఆ బహుమతి. రష్యాకు దక్కిన తొలి నోబెల్ కూడా అదే.

చర్చి నుంచి ల్యాబ్‌కు..

1849లో రష్యాలోని రియాజాన్‌లో పుట్టారు పావ్లోవ్. తండ్రి చర్చిలో మతగురువు. కొడుకునూ మత పాఠశాలకే పంపారు. ఆ రోజుల్లోనే మెదడు పనితీరుపై సెచెనోవ్ రాసిన పుస్తకం పావ్లోవ్‌ను కట్టిపడేసింది. అంతే.. 1870లో సైన్స్ చదవడానికి సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లిపోయారు.

మింగినా పొట్టకు చేరదు!

1889 ప్రాంతంలో షుమోవా సిమనోవ్‌స్కయా అనే డాక్టర్‌తో కలిసి ఓ ప్రయోగం చేశారు. కుక్క అన్నవాహికను మెడ దగ్గర కోసి, బయటికి తెరిచారు. పొట్టకు ఓ గొట్టం అమర్చారు. కుక్క మాంసం తింటుంది. కానీ ముక్కలు మెడ దగ్గరే బయటపడిపోతాయి. పొట్టలోకి ఏమీ వెళ్లదు. అయినా కొద్ది నిమిషాల్లోనే గొట్టంలోంచి జీర్ణరసం కారడం మొదలైంది!

మెదడు నుంచి పొట్టకు వెళ్లే వేగస్ నరాన్ని కోసేస్తే మాత్రం ఆ రసం ఆగిపోయింది. కుక్కకు తెలియకుండా రొట్టెను నేరుగా పొట్టలో పెట్టినా వెంటనే రసం ఊరలేదు. అంటే తిండి రుచి, తినాలన్న కోరికే మొదటి సిగ్నల్. ఆ ఆర్డర్ ఇచ్చేది మెదడు.

1902లో షాక్

అంతా నరాల పనే అనుకున్నారు పావ్లోవ్. సరిగ్గా అప్పుడే లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ ఆ సిద్ధాంతాన్ని దెబ్బకొట్టారు. నరాలు తెంపేసిన పేగులో యాసిడ్ పోసినా క్లోమం రసం వదిలింది. రక్తంలో వెళ్లిన ఓ రసాయనమే ఆ పని చేయించింది. దాని పేరు సెక్రెటిన్. పావ్లోవ్ తన ల్యాబ్‌లోనూ అదే ప్రయోగం చేయించారు. ఫలితం మారలేదు. ఏళ్ల తరబడి నమ్మిన మాటే అయినా, కళ్లముందు రుజువు కనిపించాక ఒప్పుకున్నారు.

ఆకలి తలుపు తట్టింది..

ఆకలిపై పనిచేసిన ఆయనకే ఆకలి ఎదురైంది. విప్లవం, అంతర్యుద్ధం రోజుల్లో పెట్రోగ్రాడ్‌లో తిండి కరువైంది. ల్యాబ్‌లో కుక్కలు ఆకలితో చచ్చిపోయాయి. పావ్లోవ్ స్వయంగా కూరగాయలు పండించుకున్నారు. దేశం విడిచి వెళ్తానని ప్రభుత్వానికి లేఖ రాశారు. 1921 జనవరిలో లెనిన్ ప్రత్యేక డిక్రీ ఇచ్చి ఆయనకు అదనపు రేషన్, ల్యాబ్‌కు సాయం అందేలా చూశారు. పావ్లోవ్ రష్యాలోనే ఉండిపోయారు.

ఇవాళ తెలిసిందేంటి?

మెదడు, శరీరం రెండూ కలిసే ఆకలిని నడిపిస్తాయి. ఖాళీ పొట్ట నుంచి గ్రెలిన్, కొవ్వు కణాల నుంచి లెప్టిన్ రక్తంలో కలిసి మెదడులోని హైపోథాలమస్‌కు కబురు చేరవేస్తాయి. పొట్ట నిండిందన్న సంగతిని వేగస్ నరం చెబుతుంది. అంటే పావ్లోవ్ చెప్పిందీ నిజమే, లండన్ శాస్త్రవేత్తలు చెప్పిందీ నిజమే.

1935లో లెనిన్‌గ్రాడ్‌లోని పరిశోధనా సంస్థ ఆవరణలో కుక్కకు ఓ స్మారకం కట్టారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 27న 86 ఏళ్ల వయసులో న్యుమోనియాతో పావ్లోవ్ కన్నుమూశారు. ఆయన ప్రయోగాల కోసం కోత పడిన కుక్కలకు గుర్తుగా ఆ స్మారకం ఇప్పటికీ అక్కడే ఉంది.