జోసెఫ్ మిక్లీ

జోసెఫ్ జేకబ్ మిక్లీ (మార్చి 24, 1799 – ఫిబ్రవరి 15, 1878) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ నాణేల సేకర్త. ఈయన పూర్వపు బ్రిటిషు వలసయైన పెన్సిల్వేనియాలో జన్మించాడు. ఫిలడెల్ఫియాలో పియానోలు, వయొలిన్లు బాగుచేయుట ఈయన వృత్తి. అమెరికాలో నాణేల సేకరణకు ఈయనను పితామహునిగా పరిగణిస్తారు.

సేకరణ

తాను పుట్టిన 1799వ సంవత్సరపు రాగి సెంటు కొరకు యౌవనములో ఆరంభించిన అన్వేషణయే ఈ అభిరుచికి నాంది. ఆ సెంటు మిక్కిలి అరుదైనది. 1827లో ఫిలడెల్ఫియా టంకశాల నుండి ఆ ఏటి ప్రూఫ్ పావు డాలర్లు నాలుగింటిని ముఖవిలువకే, అనగా ఒక్క డాలరుకే, పొందాడని ప్రతీతి. ప్రూఫ్ నాణేలు చెలామణి కొరకు కాక, మెరుగుపెట్టిన అచ్చులతో ప్రత్యేకముగా ముద్రించబడతాయి. 1827 నాటి అసలు ప్రూఫ్ పావు డాలర్లు నేడు కొన్ని మాత్రమే మిగిలి ఉన్నాయి. 1858లో ఏర్పడిన ఫిలడెల్ఫియా నాణేల సంఘమునకు ఈయన అధ్యక్షత వహించాడు.

చోరీ, అనంతర జీవితము

1867 ఏప్రిల్‌లో ఈయన ఇంట దొంగలు పడి, ముఖ్యముగా విదేశీ నాణేలను అపహరించారు. దశాబ్దాల శ్రమ ఒక్క రాత్రిలో చెదరిపోవుటతో మనసు విరిగి, మిగిలిన సేకరణను అదే సంవత్సరము వుడ్‌వర్డ్ అను వ్యాపారికి విక్రయించాడు. అక్టోబరులో న్యూయార్కులో ఆరంభమైన వేలములో అందలి 1804 వెండి డాలరు ఒక్కటే 750 డాలర్లు పలికింది. పిమ్మట కొన్ని సంవత్సరములు ఐరోపాలో పర్యటించి, ఫిలడెల్ఫియాలో మరణించాడు.