విజ్ఞాన తపస్వి జగదీశచంద్ర బోసు

పిల్లలను మన పాఠశాలలో చేర్చుటకు వచ్చు తల్లిదండ్రులు పలువురు మమ్మొక ప్రశ్న అడుగుచుందురు. తెలుగున చదివిన పిల్లవాడు విజ్ఞానశాస్త్రమున వెనుకబడిపోవునేమో యని వారి శంక. ఆ శంకకు మేము వాదముతో గాక ఒక జీవితముతో సమాధానము చెప్పదలచితిమి.

జగదీశచంద్ర బోసు 1858 నవంబరు 30వ తేదీన, నేడు బంగ్లాదేశములోనున్న మైమెన్‌సింగున జన్మించెను. తండ్రి భగవాన్ చంద్రుడు ప్రభుత్వోద్యోగి. ఆ కాలమున అట్టి పదవులందున్నవారు తమ బిడ్డలను ఆంగ్ల పాఠశాలలకు పంపుట పరిపాటి. ఆయన మాత్రము కుమారుని వంగభాషా పాఠశాలకు పంపెను. పరభాషకు ముందు స్వభాషయు, స్వజనమును తెలియవలెనని ఆయన తలపు. ఆ బడిలో బాలునికి ఒక ప్రక్క తండ్రివద్ద పనిచేయు ముసల్మాను బంట్రోతు కొడుకు, మరియొక ప్రక్క బెస్తవాని కొడుకు కూర్చుండెడివారు. వారు చెప్పిన పక్షుల కథలు, జంతువుల కథలు, నీటి ప్రాణుల కథలు అతనికి ప్రకృతిపై ఆసక్తి కలిగించెను.

తరువాత కలకత్తాలోని సెంట్ జేవియర్స్ విద్యాలయమున ఆంగ్లములో చదివెను. అచ్చట ఫాదర్ లఫాంట్ ప్రయోగములు చేసి చూపుచు భౌతికశాస్త్రమున అభిరుచి పెంచెను. ఇంగ్లండునకేగి వైద్యవిద్య నారంభించి, అనారోగ్యముచే విడిచి, కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రముల నభ్యసించెను. 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడయ్యెను. అదే పనికి ఐరోపీయులకు ఎక్కువ జీతము, భారతీయులకు తక్కువ జీతము ఇచ్చుచుండిరి. బోసు కలహింపలేదు, పాఠము మానలేదు. మూడేండ్లు జీతమే పుచ్చుకొనలేదు. తుదకు అధికారులు ఆయన యోగ్యతను గుర్తించి, తొలినాటినుండియు పూర్తి జీతము చెల్లించిరి.

1894 ప్రాంతమున ఆయన మనస్సు విద్యుత్తరంగములపైకి మరలెను. హెర్ట్స్ అను జర్మను శాస్త్రజ్ఞుడు అప్పటికే ఆ తరంగములను పుట్టించి చూపియుండెను. కాని అవి పొడవైనవి. వాటి గుణములు పరీక్షింప పెద్ద పరికరములు కావలెను. తరంగము కురుచయైనచో పరికరము బల్లమీద ఇముడునని బోసు గ్రహించి, కొన్ని మిల్లీమీటర్ల పొడవుగల తరంగములను పుట్టించెను. వీటినే నేడు మనము మైక్రోవేవులందుము.

ఆ కళాశాలలో ఆయనకు తగిన ప్రయోగశాల లేదు. స్నానపుగది ప్రక్కనున్న చిన్న గదిలో, శాస్త్రమెరుగని యొక రేకుపనివానికి తానే పని నేర్పి పరికరములు చేయించెను. తరంగములను కూడదీయుటకు గరాటువంటి రేకుగొట్టము. గ్రహించుటకు ఉక్కుతీగ చుట్టల వరుస. వాటి కంపనదిశను పరీక్షించుటకు మెలిపెట్టిన జనపనార. పుటల నడుమ తగరపు రేకులుంచిన రైళ్ల వేళల పుస్తకము సైతము ఆయన చేతిలో శాస్త్రపరికరమయ్యెను!

1895లో కలకత్తా పురమందిరమున, గోడలను దాటి పోయిన తరంగములతో దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చి చూపెను. 1897 జనవరిలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఉపన్యసించెను. వార్తలు పంపుటకన్న తరంగముల స్వభావము తెలియుటయే ఆయన ఆశయము. మిత్రుల బలవంతమున ఒక గ్రాహకమునకు 1904లో అమెరికా పేటెంటు పొందెను గాని, దానితో ధనమార్జింప నెంచలేదు.

పిదప మొక్కల చలనములను పరిశోధించి, వాటి పెరుగుదలను ఎన్నోరెట్లు పెంచి చూపు క్రెస్కోగ్రాఫును నిర్మించెను. 1917లో తన జన్మదినమున కలకత్తాలో బోసు పరిశోధనాలయమును స్థాపించెను. 1920లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1937 నవంబరు 23న గిరిడిలో పరమపదించెను. వంగభాషలో ఆయన రచించిన వ్యాసములు ‘అవ్యక్త’ అను గ్రంథముగా వెలువడినవి.

నేడును పలు దేశములందు ఔత్సాహిక రేడియో అభ్యాసకులు రేకులతో గరాటులు స్వయముగా చేసికొని, మూడు సెంటీమీటర్ల తరంగములపై దూరపు మిత్రులతో సంభాషించుచున్నారు. మన దేశమున పరీక్ష నుత్తీర్ణులై, ప్రభుత్వానుమతి పొందినవారు ఆ విద్య నభ్యసింపవచ్చును.

మాతృభాషలో చదివినంతనే ఎవడును బోసు కాడు. ఆయనయు పిమ్మట ఆంగ్లము నేర్చెను. మన పిల్లలును రాజ్యభాషను, ఆంగ్లమును నేర్వవలసినదే. కాని ఇంటి భాషలో తొలి ప్రశ్న వేయనేర్చిన బిడ్డ తరువాత ఏ భాషలోనైనను సమాధానము వెదకగలడు. విద్యార్థులారా! మన ప్రయోగశాలలో పరికరములు కొరతయని నిట్టూర్చునపుడు ఆ చిన్న గదిని, పేరు తెలియని ఆ రేకుపనివానిని తలచుకొనుడు.