పాల్ రోబ్సన్

పాల్ రోబ్సన్ (ఏప్రిల్ 9, 1898 - జనవరి 23, 1976) అమెరికాకు చెందిన ప్రముఖ నల్లజాతి గాయకుడు, నటుడు, పౌరహక్కుల ఉద్యమకారుడు. స్వదేశంలో నల్లవారికి గౌరవప్రదమైన పాత్రలు అరుదుగా దొరికే రోజులలో ఇంగ్లాండులో స్థిరపడి, 1930వ దశకంలో బ్రిటిష్ చలనచిత్రాలలో కథానాయకుడిగా పేరు పొందాడు.

బాల్యం, విద్య

న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్‌లో జన్మించాడు. తండ్రి బానిసత్వం నుండి తప్పించుకొని వచ్చి మతబోధకుడైన వ్యక్తి. పాల్‌కు ఆరేళ్ళు నిండకముందే తల్లి అగ్నిప్రమాదంలో మరణించింది. ఉపకారవేతనంతో రట్గర్స్ కళాశాలలో చేరి 1919లో పట్టభద్రుడయ్యాడు. 1923లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పొందాడు. న్యూయార్కులో ఒక న్యాయవాద సంస్థలో చేరగా, నల్లవాడు చెప్పేది వ్రాసుకోవడానికి అక్కడి తెల్లజాతి స్టెనోగ్రాఫర్ నిరాకరించింది. దానితో ఆ వృత్తిని విడిచి నాటకరంగాన్నే నమ్ముకున్నాడు.

లండన్ జీవితం

1928లో లండన్‌లో ప్రదర్శించిన షో బోట్ సంగీత నాటకంలో ఓల్ మ్యాన్ రివర్ పాట పాడి నగరాన్ని ఆకట్టుకున్నాడు. 1930లో పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ సరసన ఒథెల్లోగా నటించాడు. అదే పాత్రను బ్రాడ్వేలో ధరించడానికి ఆయన 1943 వరకు ఆగవలసి వచ్చింది.

చలనచిత్రాలు

ఐరోపాలో ఈయన మొదటి చిత్రం స్విట్జర్లాండులో తీసిన బోర్డర్‌లైన్ (1930). అది మూకీ చిత్రం కావడంతో అంతటి గాయకుని కంఠం అందులో వినిపించదు.

1934లో లండన్‌లో ఆఫ్రికా భాషలను అధ్యయనం చేశాడు. ఆ ఉత్సాహంతోనే, ఆఫ్రికా సంస్కృతిని గౌరవంగా చూపుతారని నమ్మి, జోల్టాన్ కోర్డా దర్శకత్వంలో శాండర్స్ ఆఫ్ ది రివర్ (1935)లో నటించాడు. కాని పూర్తయిన చిత్రం బ్రిటిష్ వలసపాలనను కీర్తించేదిగా తయారైంది. బొసాంబో అనే నాయకుని పాత్ర తెల్ల అధికారికి విధేయుడైన సేవకునిగా మిగిలింది. చిత్రం విజయవంతమైనా నల్లజాతి విమర్శకులు ఆయనను తప్పుపట్టారు. ఆయనకూ అది తీరని బాధగా మిగిలింది. తరువాతి చిత్రం సాంగ్ ఆఫ్ ఫ్రీడమ్ (1936)కు తుది కూర్పుపై తన ఆమోదం ఉండాలని ఒప్పందం చేసుకున్నాడు. ఆనాటి నటులలో ఇది అరుదైన హక్కు. ఇందులో ఓడరేవు కూలీగా ఉండి గాయకుడైన వ్యక్తిగా కనిపిస్తాడు. 1937లో కింగ్ సాలమన్స్ మైన్స్, బిగ్ ఫెల్లా, జెరికో చిత్రాలు వెలువడ్డాయి.

ది ప్రౌడ్ వ్యాలీ (1940) ఈయనకు ఎంతో ఇష్టమైన చిత్రం. వేల్స్ బొగ్గుగనిలో పనికి చేరి, అక్కడి గాయక బృందంలో కలిసిపోయి, చివరకు తోటివారిని కాపాడుతూ ప్రాణాలు విడిచే కార్మికుని కథ ఇది. చిత్రీకరణ సమయంలోనే రెండవ ప్రపంచయుద్ధం మొదలుకావడంతో, గనికార్మికులు యజమానులను ఎదిరించే ముగింపును మార్చివేశారు.

తరువాతి కాలం

1939లో అమెరికా తిరిగి వెళ్ళాడు. వామపక్ష భావాల కారణంగా 1950లో ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టును రద్దు చేసింది. విదేశాలకు వెళ్ళే వీలులేక, 1957లో వేల్స్ గనికార్మికుల సభకు టెలిఫోను ద్వారానే పాడి వినిపించాడు. 1958లో సుప్రీంకోర్టు తీర్పుతో పాస్‌పోర్టు తిరిగి లభించింది. అదే సంవత్సరం ఆయన అరవయ్యవ జన్మదినాన్ని నెహ్రూ ప్రోత్సాహంతో భారతదేశంలో కూడా జరిపారు. అస్సామీ గాయకుడు భూపేన్ హజారికా, రోబ్సన్ పాడిన ఓల్ మ్యాన్ రివర్ స్ఫూర్తితోనే తన ప్రసిద్ధ నదీగీతాన్ని రచించాడు.

రోబ్సన్ ఫిలడెల్ఫియాలో మరణించాడు.