చేరడానికి వెళ్ళి పంతులైన ఫిడేలు నాయుడుగారు

మా వట్లూరులో ఎదురింటి పిల్ల ఎనిమిదో తరగతి చదువుతోంది. కచేరీలు చేసే వయొలిన్ విద్వాంసుణ్ణి నెలకోసారి బడికి పిలిపించి పిల్లలకి పాఠం చెప్పిద్దామని ఎవరో అంటే, తల్లిదండ్రుల సమావేశంలో పెద్ద రభసే అయిందట. లెక్కల పీరియడ్ పోతుందని సగం మంది, కచేరీలు చేసేవాడికి పాఠం చెప్పడం ఏం తెలుసని మిగతా సగం. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి ఈ సంగతి చెబుతుంటే నాకు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు గుర్తుకొచ్చారు. మా ఊరి మీదుగా పోయే రైలు పట్టాలే ఆయన పనిచేసిన విజయనగరం దాకా పోతాయి మరి!

నాయుడుగారు 1893 నవంబర్ 8న, దీపావళి నాడు, బెంగుళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. ఆయన రిటైరయ్యాక కుటుంబం విశాఖపట్నం చేరింది. పిల్లవాడికి చిన్నప్పటి నుంచే చూపు తక్కువ. నల్లబల్ల మీద అక్షరం కనబడకపోతే బడిలో కూర్చుని ఏం లాభం? చదువు సాగలేదు. అలాంటి బిడ్డ ఇంట్లో ఉంటే తల్లి కడుపు ఎంత తరుక్కుపోతుందో మనకొకరు చెప్పాలా! అదృష్టం ఏమిటంటే ఆ ఇంట్లో ఫిడేలు ఉంది. అన్నగారు వెంకటకృష్ణయ్యగారే తొలి గురువు. కంటితో పట్టలేనిదాన్ని ఈ పిల్లవాడు చెవితో పట్టేశాడు.

1919లో మహారాజా విజయరామ గజపతిగారు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. ఆస్థానంలో ఉండే చాగంటి జోగారావుగారి అబ్బాయికి చూపు లేదనీ, ఆ అబ్బాయికి సంగీతం చెప్పించాలన్న ఆలోచనే చివరికి కళాశాల అయిందనీ అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. దానికి మొదటి ప్రిన్సిపాల్ ఎవరనుకున్నారు? హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, ఊరూరా తెల్లవార్లూ కథ చెప్పిన మనిషిని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారన్నమాట. మా ఎదురింటావిడ వెళ్ళిన సమావేశంలో అయితే దాసుగారికి కూడా ఆ ఉద్యోగం దొరికేది కాదేమో.

పాతికేళ్ళు దాటిన నాయుడుగారు కూడా అక్కడికి వెళ్ళారు. పంతులు ఉద్యోగానికి కాదండీ, విద్యార్థిగా చేరడానికి! ఆయన వాయిద్యం విన్న దాసుగారు ఈయన్ని పిల్లల పక్కన కూర్చోబెట్టడం అన్యాయమనుకున్నారు. వయొలిన్ ఆచార్యుడిగా వేయించారు. చూపు లేక బడి మానేసినవాడు ఇంకో బడి గుమ్మంలో అడుగు పెడుతూనే పంతులైపోయాడు. 1936లో దాసుగారి తర్వాత ఆయనే ప్రిన్సిపాల్ కూడా అయ్యారు.

అప్పట్లో ఫిడేలంటే పాటగాడి పక్కన వాయించే పక్కవాద్యం. నాయుడుగారు దాన్ని ముందుకు తెచ్చి, ఒక్క ఫిడేలుతోనే నిండు కచేరీ చేసి జనాన్ని కూర్చోబెట్టారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో విదేశీ వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు ఈయన వాయిద్యం విని ముగ్ధుడయ్యారు. 1957లో పద్మశ్రీ వచ్చింది.

ఇంత పేరొచ్చినా పాఠం చెప్పడం మాత్రం మానలేదు. ఆయన ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లోనే కొల్లేటికి అవతల గుడివాడ ప్రాంతం నుంచి ఓ కుర్రాడు ఆ ఊరు చేరి, మధూకరం ఎత్తుకుంటూ సంగీతం నేర్చుకున్నాడు. ఆయనే మన ఘంటసాల! సుశీలగారు చదువుకున్నదీ ఆ కళాశాలలోనే. ఇక నాయుడుగారి అమ్మాయి మంగతాయారుగారు తండ్రి దగ్గరే ఫిడేలు నేర్చుకుని కచేరీలు చేసే విదుషీమణి అయ్యారు. ఈ ముచ్చట నాకు పద్మశ్రీ కంటే ఎక్కువ ఇష్టం.

నాయుడుగారు 1964 నవంబర్ 25న కన్నుమూశారు. శతజయంతికి, అంటే 1993లో, తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

వచ్చే శనివారం బడిలో మళ్ళీ సమావేశం ఉందట. ఎదురింటావిడ నన్నూ తోడు రమ్మంది. వంట పెందరాళే ముగించుకుని వెళ్ళాలి.