కొండయేళ్ల మత్స్యశాస్త్రజ్ఞుడు సుందరలాల్ హోరా

భారతదేశపు నీళ్లలో ఏయే జాతుల చేపలు కలవో, ఏ జాతి యెచ్చట నివసించునో తెలిసికొనుటకై జీవితమును ధారపోసినవారిలో డాక్టరు సుందరలాల్ హోరా అగ్రగణ్యుడు. ఆయన 1896వ సంవత్సరము మే 22వ తేదీన పంజాబులోని హాఫిజాబాదులో జన్మించెను. ఆ పట్టణము నేడు పాకిస్తానులో నున్నది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అను సంస్థకు ప్రథమాధిపతియైన అనండేల్ దొర 1919లో లాహోరు ప్రభుత్వ కళాశాలకు వచ్చి, అచ్చట ఈ యువకుని ప్రతిభను గుర్తించి కలకత్తాకు పిలిపించెను. 1921లో చేపల విభాగము హోరా చేతికి వచ్చెను.

ఆయనకు తొలి పరీక్ష మణిపురము. 1920 ప్రాంతమున రైలు దిమాపురముతో ఆగిపోయెడిది. అచ్చటినుండి కోహిమా మీదుగా ఇంఫాలునకు 130 మైళ్లకు పైబడిన కొండదారి. కొండయేళ్లు బాటల ప్రక్కన పారవు. బండిదారి ముగిసిన పిమ్మట వలలు, గాజు సీసాలు, చేపలు చెడకుండ నిలువచేయు మందునీరు అన్నియు మనుష్యుల వీపులమీదనే సాగవలెను. వానకాలమున జలగలు, చలిజ్వరము, క్షణములో పొంగు వరద. వాన వెలిసిన కొలది నెలలే పనికి అనువైన కాలము.

ఏటిని చేరినంతమాత్రమున చేప చేతికి రాదు. చెరువులో విసరు వల ఇచ్చట రాళ్లకు తగులుకొని చినిగిపోవును. ఒకరు ఎగువన రాళ్లు కదపగా మరియొకరు దిగువన చిన్నవల పట్టి నిలువవలెను. పట్టిన చేప రంగులు మందునీటిలో వెలిసిపోవును గనుక వెంటనే వ్రాసికొనవలెను. ఏటి పేరు, తేదీ వ్రాయని చేప శాస్త్రమునకు కొరగాదు. ఇట్టి శ్రమకు ఫలముగా మణిపురపు చేపలను గూర్చియు, నాగా కొండల చేపలను గూర్చియు హోరా రచించిన వ్యాసము 1921లో వెలువడెను.

పిమ్మట ఖాసీ కొండల ఉద్ధృత ప్రవాహములను ఆయన పరిశీలించెను. మనుష్యుడే నిలువలేని నీటిలో చిన్న చేప ఎట్లు నిలుచుచున్నది? గర్రా అను చేపకు నోటి క్రింద రాతిని పట్టుకొను బిళ్ల కలదు. మరికొన్నిటికి రొమ్మున ముడుతల చర్మము కలదు. ఇంకను కొన్ని శరీరము చదునై, రెక్కలు విప్పి, రాతికి అంటుకొని యుండును. ఈ విషయములపై ఆయన వ్రాసిన గ్రంథసమానమైన వ్యాసమును 1930లో లండనులోని రాయల్ సొసైటీ ప్రకటించెను.

అస్సాము కొండలలోని చేపల వంటివి నడుమ మైదానములలో లేకుండ పశ్చిమ కనుమలలో కనిపించుట ఆయనను ఆలోచింపజేసెను. రాతిని విడిచి బ్రదుకలేని చేప మైదానమును దాటజాలదు. పూర్వము వింధ్య సాత్పురా పర్వతపంక్తి ఎడతెగని తడికొండగా ఉండి వానికి దారి యిచ్చెనని ఆయన ఊహించెను. ఇదియే సాత్పురా సిద్ధాంతము. తరువాతి పండితులలో అనేకులు దీనిని పూర్తిగా అంగీకరింపలేదు. అయినను కొండయేళ్లను తిరిగి వెదకుటకు అది ఎందరినో ప్రేరేపించెను.

1942లో ఆయన బెంగాలు మత్స్యశాఖకు అధికారియై ప్రజలకు ఆహారమగు చేపల పెంపకముపై దృష్టి నిలిపెను. యుద్ధభయముచే సర్వే సంస్థ సామగ్రిని కాశీకి తరలింపగా, 1943లో వరుణానది వరద దానిని ముంచివేసెను. ఏళ్లతరబడి కొండలెక్కి తెచ్చిన నమూనాలలో అనేకము చెడిపోయెను. 1947లో ఆ సంస్థకు అధిపతియైన హోరా దానిని తిరిగి నిలబెట్టు భారమును వహించెను. అశోకుని స్తంభశాసనములోని మత్స్యరక్షణ విధులను, చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసములోని చేపల వేటను గూర్చి కూడ పరిశోధించి, మన పూర్వుల జ్ఞానమును లోకమునకు తెలియజేసెను.

1955 డిసెంబరు 8వ తేదీన, 59 యేండ్ల వయస్సున ఆయన దివంగతుడయ్యెను. పుస్తకములలో మనము సులభముగా చదువు ఒక్క వాక్యము వెనుక ఎన్ని మైళ్ల కాలినడక దాగియుండునో ఈ మహనీయుని చరిత్ర తెలుపుచున్నది. గ్రంథాలయమున ఒక పుస్తకము తెరచునప్పుడెల్ల పాఠకులు ఆ శ్రమను స్మరింతురుగాక.