గన్నవరం అన్నపూర్ణకు జయంతి వందనం

డొక్కా సీతమ్మగారి పేరు చెబితే చేతులు జోడించే కుటుంబాలు కోనసీమలో ఇప్పటికీ ఉన్నాయి. ఆమె రాజ్యాలేలలేదు, గ్రంథాలు రాయలేదు. ఆకలి అంటూ గుమ్మంలోకి వచ్చినవాళ్లకు జీవితమంతా అన్నం పెట్టారు. ఆ మహాతల్లి జయంతి మన తెలుగువాళ్లందరి ఇంటి పండుగ.

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరంగారు అడిగినవాళ్లకల్లా అన్నం పెట్టి 'బువ్వన్న'గా పేరు పొందారు. పుట్టింట అబ్బిన ఆ గుణాన్ని ఆమె మెట్టినింటికి తెచ్చారు. ఆమె భర్త, లంకల గన్నవరం డొక్కా జోగన్నగారు వేదం చదువుకున్న రైతు, కలిగిన కుటుంబం. ఊరు గోదావరి ఒడ్డున ఉండటంతో రేవు దాటే బాటసారులు వేళాపాళా లేకుండా వచ్చేవారు. వచ్చినవాళ్ల కులమేమిటని ఆ ఇంట్లో అడిగేవారు కాదు.

ఆ రోజుల్లో పదిమందికి వండటమంటే మాటలా? వడ్లు దంచాలి, చెరగాలి, నీళ్లు మోయాలి. వానాకాలం తడి పుల్లలు అంటుకోక వంటిల్లంతా పొగ. అంతా సర్దుకుని నడుం వాల్చాక ఇంకొకరు తలుపు తడితే పొయ్యి మళ్లీ రాజేయాలి. ఈ పని ఒకనాడు చేస్తే ముచ్చట, ఏళ్ల తరబడి చేస్తే తపస్సు. జోగన్నగారు వెన్నుదన్నుగా నిలవబట్టే ఆ తపస్సు సాగింది. ఆస్తి తరిగిపోతున్నా ఆ దంపతులు విస్తరి వేయడం మానలేదు. అందుకే ఈ అభినందనలో జోగన్నగారికీ సమాన వాటా ఉంది.

ఆమె భక్తి ఎలాంటిదో చెప్పే కథ ఒకటి గోదావరి జిల్లాల్లో అందరికీ తెలుసు. అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుని, ఒకనాడు పల్లకిలో బయలుదేరారు. దారిలో ఆకలితో ఏడుస్తున్న పిల్లల్ని పెద్దవాళ్లు ఓదారుస్తున్నారు, ఇంకాస్త ఓర్చుకుంటే సీతమ్మగారింట్లో భోజనం చేయొచ్చని. ఆ మాట చెవిన పడగానే ఆమె పల్లకిని వెనక్కి తిప్పించారు. వాళ్లు వచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉంది. గుళ్లో స్వామినీ గుమ్మంలో అతిథినీ ఆమె వేరుగా చూడలేదు.

బ్రిటిష్ చక్రవర్తి ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వచ్చినా ఆమె వెళ్లలేదనీ, అధికారులు ఆమె ఫొటో తీయించి పంపారనీ చెప్పుకుంటారు. తను వెళితే ఇక్కడ వచ్చేవాళ్లకు అన్నమెవరు పెడతారన్నదే ఆమె చింత అయి ఉంటుంది. 1909లో కన్నుమూసేదాకా గన్నవరమే ఆమెకు కాశీ.

గన్నవరం దగ్గర గోదావరి వైనతేయ పాయ మీద కాటన్ దొర కాలంనాటి అక్విడెక్టు పక్కన కట్టిన కొత్త అక్విడెక్టుకు ఆమె పేరు పెట్టారు. లంక పొలాలకు నీళ్లు మోసే కట్టడానికి ఇంతకన్నా తగిన పేరు ఏముంటుంది! 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టారు. ఆ మరుసటి ఏడాది ప్రభుత్వ జూనియర్ కాలేజీల పిల్లలకూ ఆ భోజనం అందింది.

పేరు పెట్టినందుకు ప్రభుత్వానికి అభినందనలు. అంతకన్నా ముందు, ఆ పేరు మీద రోజూ పొయ్యి దగ్గర నిలబడి వండి వడ్డిస్తున్న వంటమ్మలకు మనసారా అభినందనలు. సీతమ్మగారి వారసులు వాళ్లే.

హెడ్మాస్టర్లకూ తల్లిదండ్రులకూ ఒక మనవి. జయంతి నాడు సీతమ్మగారి పటానికి దండ వేశాక, మీ బడి వంటమ్మను పీట వేసి కూర్చోబెట్టి మీ చేత్తో వడ్డించండి. అధికారులకూ ఒక మనవి. వంటమ్మలకు రావలసిన బిల్లులు, జీతాలు నెలనెలా ఆపకుండా ఇవ్వండి. అన్నం పెట్టే చేతిని ఆదుకోవడమే సీతమ్మగారికి మనమిచ్చే అసలైన జయంతి కానుక.